పెద్ద గృహ అక్వేరియానికి అతినీలలోహిత శుద్ధి పరికరం: ఎంపికలో మోతాదు, ప్రవాహాల పాత్ర

వ్యాససంగ్రహం:
ఇళ్లలో పెద్ద అక్వేరియాల వాడకం పెరిగేకొద్దీ నీటిలోని శైవలాలను, సూక్ష్మజీవులను, పరాన్నజీవులను అదుపు చేయడానికి అతినీలలోహిత పరికరాలను అమర్చడం సాధారణమైంది. వీటిని ఎక్కువమంది దీపం వాటేజిని బట్టి, తొట్టె లీటర్లను బట్టి ఎంచుకుంటున్నారు. పరికరం ఫలితాన్ని నిర్ణయించేవి సూక్ష్మజీవికి అందే కిరణ మోతాదు, తొట్టె నీరు పరికరం గుండా తిరిగే వేగం. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా పనిచేస్తాయి. 700 లీటర్ల మంచినీటి తొట్టెను ఉదాహరణగా తీసుకొని ఈ సంబంధాన్ని లెక్కలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అతినీలలోహిత కిరణాలు, అక్వేరియం, కిరణ మోతాదు, పునఃప్రసరణ, తెల్లమచ్చల వ్యాధి, క్వార్ట్జ్ గొట్టం.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి ఇళ్లలో అతినీలలోహిత దీపం కొత్త వస్తువేమీ కాదు. వంటగది గోడకు బిగించిన నీటిశుద్ధి యంత్రంలో అది ఎప్పటినుంచో ఉంది. కుళాయి నీరు ఒకవైపు నుంచి లోపలికి వెళ్తుంది, దీపం పక్కగా సాగుతుంది, గ్లాసులో పడుతుంది. ఆ నీరు మళ్లీ వెనక్కి రాదు. కోస్తా ఆంధ్రలోని రొయ్యపిల్లల హేచరీలు సముద్రపు నీటిని వడగట్టి అతినీలలోహిత కిరణాల కిందుగా పంపినప్పుడు కూడా లక్ష్యం ఇదే: బయటి నుంచి వచ్చే నీటిలోని రోగకారకం లోపలికి రాకుండా చూడటం. ఈ రెండు సందర్భాల్లోనూ పరికరం గడప దగ్గర కాపలా కాస్తుంది.

అక్వేరియంలో పరిస్థితి ఇందుకు భిన్నం. రోగకారకం తొట్టెలోనే పుడుతుంది. చేప చర్మంలో, అడుగున పరిచిన ఇసుకలో, ఫిల్టర్ స్పంజిలో, అద్దానికి పట్టిన జిగురు పొరలో అది ఉంటుంది. పరికరం గుండా వెళ్లిన నీరు వెంటనే తిరిగివచ్చి, వెళ్లని నీటితో కలిసిపోతుంది. అందువల్ల బజారులో దీనికి ఉన్న ‘స్టెరిలైజర్’ అనే పేరు అక్వేరియం విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. తొట్టెలోని నీరు ఎన్నటికీ నిర్జీవం కాదు, కానక్కరలేదు కూడా. ఈ పరికరం చేయగలిగింది ఒక్కటే, నీటిలో తేలే జీవుల సంఖ్యను అవి పెరిగే వేగం కంటే ఎక్కువ వేగంతో తగ్గించడం. తొట్టెకు ఎన్ని వాట్ల దీపం కావాలన్న ప్రశ్నకు ముందు, ఏ జీవి సంఖ్యను ఎంత వేగంగా తగ్గించాలన్న ప్రశ్న వేసుకోవలసి ఉంటుంది.

2. కిరణం చేసే పని:

సూర్యకాంతికి బాక్టీరియాను అణచే శక్తి ఉందని 1877లో ఇంగ్లండుకు చెందిన ఆర్థర్ డౌన్స్, థామస్ బ్లంట్ గుర్తించారు. ఎండలో ఉంచిన ద్రావణాలు తేటగా మిగిలాయి, చీకటిలో ఉంచినవి బాక్టీరియాతో మసకబారాయి. 1910లో ఫ్రాన్సులోని మార్సే నగరంలో తాగునీటి మీద కృత్రిమ అతినీలలోహిత దీపాలను ప్రయోగించి చూశారు. 1930 నాటికి ఫ్రెడరిక్ గేట్స్, బాక్టీరియాను చంపే తరంగదైర్ఘ్యాలూ కేంద్రకామ్ల క్షారాలు శోషించే తరంగదైర్ఘ్యాలూ ఒకే తీరుగా ఉన్నాయని చూపాడు.

ఆ పోలికలోనే ఈ పరికరం రహస్యమంతా ఉంది. డి.ఎన్.ఎ. 260 నానోమీటర్ల పరిసరాల్లోని కిరణాలను ఎక్కువగా శోషిస్తుంది. అల్పపీడన పాదరస దీపం వెలువరించే అతినీలలోహిత శక్తిలో అధికభాగం 253.7 నానోమీటర్ల వద్ద ఉంటుంది. ఈ రెండు అంకెలు దగ్గరగా ఉండటం ప్రకృతి కల్పించిన సౌలభ్యం. శోషించిన శక్తి వల్ల డి.ఎన్.ఎ. పోగులో పక్కపక్కనున్న థైమిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుకులు పడిన పోగును కణం నకలు చేసుకోలేదు, కాబట్టి విభజన ఆగిపోతుంది. కణం వెంటనే చచ్చిపోవాలని లేదు, సంతానం కనలేకపోతే చాలు.

అయితే ఈ నష్టం శాశ్వతం కాదు. అతినీలలోహిత కిరణాలు తగిలిన సూక్ష్మజీవులు తరువాత మామూలు వెలుతురులో కొంతవరకు కోలుకుంటాయని 1949లో ఆల్బర్ట్ కెల్నర్ నిరూపించాడు. ఫోటోలయేజ్ అనే ఎంజైము నీలికాంతి సాయంతో ఆ అతుకులను విప్పుతుంది. వంటింటి యంత్రం విషయంలో ఇది పెద్ద సమస్య కాదు, నీళ్లు త్వరగానే తాగేస్తారు. అక్వేరియంలో మాత్రం పరికరం దాటిన నీరు నేరుగా రోజుకు ఎనిమిది పది గంటలు వెలిగే దీపాల కిందికి చేరుతుంది. అరకొర మోతాదు తగిలిన జీవి అక్కడ కోలుకునే అవకాశం ఉంది. తక్కువ మోతాదును ఎక్కువసార్లు ఇస్తే సరిపోతుందనే వాదన ఈ కారణంగానే బలహీనపడుతుంది.

3. మోతాదు:

కిరణ మోతాదు అంటే తీవ్రతను కాలంతో గుణిస్తే వచ్చేది. తీవ్రతను చదరపు సెంటీమీటరుకు మిల్లీవాట్లలోనూ, కాలాన్ని సెకన్లలోనూ కొలిస్తే మోతాదు చదరపు సెంటీమీటరుకు మిల్లీజౌళ్లలో వస్తుంది. ఇకపై ఈ వ్యాసంలో మిల్లీజౌళ్లు అన్నచోట ఈ ప్రమాణమే. తయారీదారులు కొందరు దీన్నే మైక్రోవాట్-సెకన్లలో ముద్రిస్తారు. 30,000 మైక్రోవాట్-సెకన్లు అంటే 30 మిల్లీజౌళ్లే. అంకె పెద్దదిగా కనిపించడం తప్ప తేడా లేదు.

ఏ జీవికి ఎంత మోతాదు కావాలన్నది జీవిని బట్టి మారుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2006 నాటి తాగునీటి నిబంధనల్లో క్రిప్టోస్పోరిడియంను వెయ్యోవంతుకు తగ్గించడానికి 12 మిల్లీజౌళ్లు సరిపోతాయని, వైరస్‌లను పదివేలవంతుకు తగ్గించడానికి 186 కావాలని పేర్కొన్నది. వైరస్ అతిచిన్నది, అయినా దానికే ఎక్కువ కావాలి. పరిమాణం ఒక్కటే కొలబద్ద కాదనడానికి ఇది చాలు. అక్వేరియం పరికరాల తయారీదారుల పట్టికల్లో తేలే శైవలాలకు, సాధారణ బాక్టీరియాకు 15 నుంచి 30 మిల్లీజౌళ్ల శ్రేణి తరచుగా కనిపిస్తుంది. చేపల తెల్లమచ్చల వ్యాధికి కారణమైన ఇక్తియోఫ్తిరియస్ మల్టీఫిలియిస్ అనే పరాన్నజీవి విషయంలో గ్రాట్‌జెక్ బృందం 1983లో ప్రచురించిన అధ్యయనం ముఖ్యమైనది. ఒకే నీటిని పంచుకునే తొట్టెల మధ్య వ్యాధి పాకకుండా ఆపగలిగిన మోతాదు అందులో సుమారు 90 మిల్లీజౌళ్లు. అంటే పచ్చనీటికి సరిపోయే దానికంటే మూడు నుంచి ఆరు రెట్లు.

4. ఒక తొట్టె, ఒక దీపం – లెక్క:

6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న తొట్టె ఘనపరిమాణం 30 ఘనపుటడుగులు, అంటే సుమారు 850 లీటర్లు. ఇసుక, రాళ్లు, మొద్దులు ఆక్రమించే చోటును, పైన వదిలే ఖాళీని తీసేస్తే 700 లీటర్ల నీరు ఉంటుందనుకోవచ్చు. లెక్కలు ఈ నీటికి చేయాలి, తొట్టె కొలతకు కాదు.

దీనికి 25 వాట్ల పరికరాన్ని ఊహిద్దాం. అల్పపీడన దీపం తీసుకునే విద్యుత్తులో సుమారు మూడోవంతు మాత్రమే పనికివచ్చే కిరణంగా మారుతుంది, కాబట్టి వెలువడేది 8 వాట్లు. దీపం పొడవు 40 సెంటీమీటర్లు, దాన్ని కప్పిన క్వార్ట్జ్ గొట్టం వెలుపలి వ్యాసం 2.5 సెంటీమీటర్లు, బయటి గొట్టం లోపలి వ్యాసం 7.5 సెంటీమీటర్లు అయితే, మధ్య నిలిచే నీరు సుమారు 1.57 లీటర్లు. క్వార్ట్జ్‌లో పదోవంతు పోయిందనుకుని, నీరు తేటగా ఉండి ఒక సెంటీమీటరు దూరంలో 95 శాతం కిరణాన్ని సాగనిస్తుందనుకుంటే, ఆ నీటిలో సగటు తీవ్రత చదరపు సెంటీమీటరుకు 10.7 మిల్లీవాట్లు వస్తుంది.

ఇక మిగిలింది కాలం. గంటకు 2000 లీటర్ల ప్రవాహంలో నీరు పరికరంలో 2.8 సెకన్లు ఉంటుంది, మోతాదు 30 మిల్లీజౌళ్లు. ప్రవాహాన్ని 700 లీటర్లకు తగ్గిస్తే 8 సెకన్లు, 86 మిల్లీజౌళ్లు. దీపం అదే, తొట్టె అదే, మోతాదు దాదాపు మూడింతలు. పెట్టె మీద 25 వాట్లు అని ముద్రించడం వల్ల కొనేవారికి తెలిసేది ఎంత తక్కువో ఈ రెండు అంకెలే చెబుతాయి.

అయితే ఇవి కొత్త దీపానికి, ఆదర్శ పరిస్థితికి వేసిన లెక్కలు. నిజజీవితంలో మూడు నష్టాలు తప్పవు. మొదటిది దీపం వయసు. అది నీలంగా వెలుగుతూనే ఉంటుంది గాని 253.7 నానోమీటర్ల ఉత్పత్తి నెలనెలా తగ్గుతుంది. కంటికి కనిపించే నీలికాంతి సూక్ష్మజీవిని చంపే కాంతి కాదు, కాబట్టి వెలుగుతున్నంత కాలం పనిచేస్తున్నట్టే అనుకోవడం పొరపాటు. రెండవది నీటి పారదర్శకత. మొద్దుల నుంచి, ఫైటర్ చేపలు పెంచేవారు వేసే బాదం ఆకుల నుంచి ఊరే టానిన్లు నీటికి టీ రంగు తెస్తాయి. అవి అతినీలలోహిత కిరణాన్ని గట్టిగా శోషిస్తాయి. మూడవది క్వార్ట్జ్ గొట్టం మీద పేరుకునే పొర. పారదర్శకత 80 శాతానికి, దీపం శక్తి 70 శాతానికి పడిపోయాయనుకుంటే, సగటు తీవ్రత 10.7 నుంచి 6.2కి దిగుతుంది. గంటకు 2000 లీటర్ల దగ్గర మోతాదు 17 మిల్లీజౌళ్లే. 100 మిల్లీజౌళ్లు కావాలంటే ప్రవాహాన్ని 350 లీటర్లకు తగ్గించాలి, అంటే తొట్టె నీరు ఒకసారి తిరగడానికి రెండు గంటలు.

గొట్టంలో నీరంతా ఒకే వేగంతో, దీపానికి ఒకే దూరంలో వెళ్లదు కూడా. బయటి గోడను ఆనుకుని జారిపోయే నీటికి, తేటనీటిలో సైతం, సగటు తీవ్రతలో మూడింట రెండువంతుల లోపే అందుతుంది. కనుక లెక్కలో వచ్చిన అంకెకు కొంత అదనం కలుపుకోవడం వివేకం.

5. నీరు తిరగడం:

మోతాదు పెంచడానికి ప్రవాహాన్ని ఎంతైనా తగ్గించవచ్చా? ఇక్కడ రెండో అంశం అడ్డుపడుతుంది. పరికరం నుంచి వచ్చే నీరు తొట్టెలో కలిసిపోతుంది కాబట్టి, 700 లీటర్లు పరికరం గుండా వెళ్లినంత మాత్రాన ప్రతి నీటిబొట్టూ వెళ్లినట్టు కాదు. పూర్తిగా కలిసే తొట్టెలో ఒక తిరుగుడు తరువాత కూడా 37 శాతం నీరు దీపాన్ని చూడకుండానే మిగులుతుంది. రెండు తిరుగుళ్ల తరువాత 13.5 శాతం, మూడింటి తరువాత 5 శాతం. పదివేలవంతు మాత్రమే మిగలాలంటే 9.2 తిరుగుళ్లు కావాలి. ఈత కొలనుల నీటి శుద్ధిలో వాడే పలుచన నియమం కూడా ఇదే.

ఈలోగా జీవులు పెరుగుతూనే ఉంటాయి. పచ్చనీటిని కలిగించే ఏకకణ శైవలం రోజుకు ఒకసారి రెట్టింపవుతుందనుకుంటే దాని పెరుగుదల రేటు రోజుకు 0.69. గంటకు 200 లీటర్ల ప్రవాహంతో 700 లీటర్ల తొట్టె రోజుకు 6.9 సార్లు తిరుగుతుంది. తొలగింపు పెరుగుదల కంటే పది రెట్లు ఎక్కువ. అందుకే పచ్చనీటి విషయంలో చిన్న పరికరాలు సైతం కొద్దిరోజుల్లో అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తాయి. ఈ అనుభవాన్నే ఆధారం చేసుకుని, అదే పరికరం జబ్బులను కూడా ఆపుతుందని నమ్మడం తరచుగా జరుగుతుంది. ఆ నమ్మకానికి మూల్యం చెల్లించేవి చేపలు.

నీటిలో తేలే బాక్టీరియా లెక్క మధ్యస్థం. పరిశుభ్రమైన తొట్టెలో వాటికి ఆహారం తక్కువ, పెరుగుదలా మందకొడి. గంటకు ఒక తిరుగుడు వాటిని అదుపులో ఉంచగలదు. మేత ఎక్కువై కుళ్లుతున్న తొట్టెలో అవి గంట కంటే తక్కువ వ్యవధిలో రెట్టింపు కాగలవు. అప్పుడు ఏ దీపమూ వాటిని అందుకోలేదు. అక్కడ కావలసింది మేత తగ్గించి, అడుగు శుభ్రం చేసి, నీరు మార్చడం.

6. తెల్లమచ్చల వ్యాధి – అసలు పరీక్ష:

ఆంధ్ర కోస్తాలో తెల్లమచ్చల వ్యాధి అనగానే రొయ్యల వైరస్ గుర్తుకు వస్తుంది. అక్వేరియం చేపలకు వచ్చేది అది కాదు. ఇక్తియోఫ్తిరియస్ ఒక ఏకకణ పరాన్నజీవి, సీలియాలతో ఈదుతుంది. దాని జీవితచక్రం తెలియకుండా అతినీలలోహిత పరికరాన్ని ఎంచుకోవడం గురిలేని బాణమే.

చేప చర్మం కింద ఉప్పుగళ్లలా కనిపించే దశ ట్రోఫాంట్. అది చర్మపు పొర చాటున ఉంటుంది, నీటిలోకి రాదు, కాబట్టి కిరణం దాన్ని తాకలేదు. పెరిగాక చేపను వదిలి అడుగున అతుక్కుని టోమాంట్ అవుతుంది. అదీ కిరణానికి దొరకదు. ఆ టోమాంట్ లోపల విభజనలు జరిగి వందలకొద్దీ, ఒక్కోసారి వెయ్యికి పైగా థెరాంట్లు పుట్టి నీటిలోకి ఈదుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే అవి నశిస్తాయి. పరికరానికి అవకాశం ఉన్నది ఈ ఒక్క దశలోనే. 25 డిగ్రీల పరిసరాల్లో చక్రమంతా మూడు నుంచి ఆరు రోజుల్లో పూర్తవుతుంది. చల్లని నీటిలో వారాలు పడుతుంది.

థెరాంట్ నీటిలోకి వచ్చాక ఒక పోటీ మొదలవుతుంది: అది ముందు చేపను చేరుతుందా, పంపు నోటిని చేరుతుందా? థెరాంట్‌కు చేప దొరకడానికి సగటున నాలుగు గంటలు పడుతుందని ఉదాహరణకు అనుకుందాం. తొట్టె నీరు గంటకు ఒకసారి తిరిగితే, నూటికి 80 థెరాంట్లు దీపం పాలవుతాయి. రెండు గంటలకు ఒకసారి తిరిగితే 67. గంటకు రెండుసార్లు తిరిగితే 89. చేపలు కిక్కిరిసి ఉండి గంటలోనే దొరుకుతుంటే, గంటకొక తిరుగుడుతో సగం మాత్రమే ఆగుతాయి. ఒక్క టోమాంట్ నుంచి 500 వచ్చాయంటే, అత్యంత అనుకూలమైన లెక్కలో కూడా 50కి పైగా చేపలను చేరుతాయి.

దీన్నిబట్టి రెండు విషయాలు తేటపడతాయి. పరాన్నజీవి కోసం కొనేవారికి ఎక్కువ మోతాదు, ఎక్కువ తిరుగుడు రెండూ ఒకేసారి కావాలి. 25 వాట్ల దీపం ఈ రెండింటిలో ఒకటి మాత్రమే ఇవ్వగలదు. అదే కొలతల గొట్టంలో 80 సెంటీమీటర్ల పొడవున్న 55 వాట్ల దీపాన్ని లెక్కిస్తే, నీటి పరిమాణం 3.14 లీటర్లకు పెరుగుతుంది. గంటకు 700 లీటర్ల ప్రవాహంలో, దీపం పాతబడి నీటి రంగు మారిన స్థితిలో సైతం, మోతాదు 110 మిల్లీజౌళ్ల దాకా నిలుస్తుంది. ఈ తొట్టెకు పరాన్నజీవి లక్ష్యమైతే ఎంచుకోదగిన పరిమాణం ఇదే. పచ్చనీరు మాత్రమే సమస్య అయితే 25 వాట్లు కూడా ఎక్కువే.

రెండవది, పెద్ద పరికరం కూడా వ్యాధి తీవ్రతను తగ్గిస్తుందే గాని జబ్బుపడిన చేపకు చికిత్స కాదు. తగ్గిన దాడిని తట్టుకుని చేపకు రోగనిరోధకశక్తి పెంపొందే వ్యవధి దొరకడం దానివల్ల కలిగే మేలు. కొత్తగా తెచ్చిన చేపలను రెండు మూడు వారాలు వేరే చిన్న తొట్టెలో ఉంచి గమనించడం ఇంతకంటే నమ్మకమైన రక్షణ, ఖర్చూ తక్కువే. విడి తొట్టెకు చోటు లేదంటూ 55 వాట్ల పరికరం కొనే ఇంట్లో నిజానికి కొరవడినది చోటు కాకపోవచ్చు. అయితే అనేక తొట్టెలను ఒకే ఫిల్టరుకు కలిపిన చోట లెక్క మారుతుంది. ఒక తొట్టె నుంచి మరొకదానికి వెళ్లే నీరంతా దీపం ముందుగానే వెళ్లాలి, అంటే మళ్లీ గడప దగ్గరి కాపలా స్థితి. గ్రాట్‌జెక్ బృందం ఫలితాలు అంత స్పష్టంగా రావడానికి అదే కారణమని గుర్తించాలి.

7. కొనేముందు చూడవలసినవి:

వాటేజి అంకె దీపానిదా, పంపుతో కలిపినదా అన్నది తెలుసుకోవాలి. కొన్ని పరికరాల్లో రెండింటినీ కలిపి రాస్తారు. ఏ ప్రవాహం దగ్గర ఎంత మోతాదు వస్తుందో, అది కొత్త దీపానికా, పాతబడిన దీపానికా, ఎంత పారదర్శకత ఉన్న నీటికో చెప్పే పట్టికను తయారీదారు ఇస్తే మంచి గుర్తు. ‘వెయ్యి లీటర్ల తొట్టెకు తగినది’ అన్న వాక్యం ఒక్కటే ఉంటే దాన్ని పచ్చనీటికి తగినదని మాత్రమే అర్థం చేసుకోవడం క్షేమం. దీపం గాజు, తొడుగు రెండూ క్వార్ట్జ్ అయి ఉండాలి. మామూలు గాజు 253.7 నానోమీటర్ల కిరణాన్ని బయటికి రానివ్వదు. నీలికాంతి వస్తుంది, పని జరగదు.

తొట్టెలోనే ముంచే చిన్న పరికరాలు పెద్ద తొట్టెలకు సరిపడవు. వాటిలో నీరు ఉండే కాలం అతి తక్కువ. కవచం సరిగ్గా లేకపోతే కిరణం చేపల కళ్లను, చర్మాన్ని తాకే ప్రమాదమూ ఉంది. బయట బిగించే గొట్టపు పరికరమే మేలు. దాన్ని ఫిల్టరు తరువాత, నీరు తొట్టెకు తిరిగివచ్చే దారిలో అమర్చాలి. వడగట్టని నీటిలోని రేణువుల నీడలో సూక్ష్మజీవులు తలదాచుకుంటాయి.

ఫిల్టరు మీద రాసిన ప్రవాహాన్ని నమ్మి లెక్క వేయకూడదు. స్పంజి మురికి, గొట్టాల వంపులు, నీటిని ఎత్తవలసిన ఎత్తు కలిసి దాన్ని బాగా తగ్గిస్తాయి. తిరిగివచ్చే గొట్టాన్ని 10 లీటర్ల బకెట్లో పెట్టి నిండే సమయం చూస్తే నిజం తెలుస్తుంది. 51 సెకన్లలో నిండితే గంటకు 700 లీటర్లు, 18 సెకన్లలో నిండితే 2000. ఫిల్టరు ప్రవాహం పరికరానికి కావలసినదాని కంటే ఎక్కువైతే, పక్కదారి గొట్టం ఒకటి కలిపి, కవాటంతో కొంత నీటిని మాత్రమే దీపం వైపు మళ్లించవచ్చు. ఫిల్టరులోని ఉపకార బాక్టీరియాకు దీనివల్ల హాని ఉంటుందన్న భయం అనవసరం. అమోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఉపరితలాలను అంటిపెట్టుకుని ఉంటుంది, నీటిలో తేలుతూ తిరగదు. కొత్త తొట్టెలో సీసా బాక్టీరియా పోసిన తొలిరోజుల్లో మాత్రం దీపం ఆపాలి. మందులు వేసినప్పుడూ ఆపడమే మంచిది, మాలకైట్ గ్రీన్ వంటివి కిరణానికి విచ్ఛిన్నమవుతాయి. మొక్కల తొట్టెల్లో ఇనుమును కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనాలకూ ఇదే గతి పడుతుంది.

వేడి సంగతి మన వాతావరణంలో విస్మరించరానిది. దీపానికి వెళ్లిన విద్యుత్తు చివరికి చాలావరకు నీటిలో వేడిగా చేరుతుంది. 700 లీటర్లలో 55 వాట్లు అంటే, బయటికి వేడి పోయే దారి లేకపోతే, రోజుకు 1.6 డిగ్రీలు. జనవరిలో ఇది లెక్కలోకి రాదు. మే నెలలో నీరు ఎటూ 31, 32 డిగ్రీలు దాటే ఇంట్లో, వేడినీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుందని తెలిసినప్పుడు, ఇది ఆలోచించవలసిన అంకె. విద్యుత్తు ఖర్చు నెలకు 40 యూనిట్లు.

8. నిర్వహణ, భద్రత:

సాధారణ అల్పపీడన దీపాలను సుమారు 8000 నుంచి 9000 గంటల తరువాత, అంటే నిరంతరం వెలిగితే దాదాపు ఏడాదికొకసారి, వెలుగుతున్నా సరే మార్చాలి. మార్చిన తేదీని పరికరం మీదే రాసి ఉంచడం మంచిది. దీపాన్ని గంటగంటకూ ఆపి వెలిగించడం వల్ల ఆదా కంటే దాని ఆయుష్షుకు కలిగే నష్టమే ఎక్కువ.

బోరునీటి కాఠిన్యం తెలంగాణలో చాలాచోట్ల ఎక్కువ. వెచ్చగా ఉండే క్వార్ట్జ్ గొట్టం మీద కాల్షియం కార్బొనేట్ తెల్లని పొరగా పట్టుకుంటుంది. కృష్ణా, గోదావరి నీరు కుళాయిలో వచ్చే ఇంట్లో దానిమీద జిగురు పొర ఎక్కువ, సున్నపు పొర తక్కువ ఉండవచ్చు. తొలి ఏడాది రెండు నెలలకొకసారి విప్పి చూస్తే ఆ ఇంటి నీటికి ఎంత వ్యవధి సరిపోతుందో తెలుస్తుంది. నిమ్మఉప్పు కలిపిన నీటిలో కాసేపు నానబెట్టి మెత్తని గుడ్డతో తుడిస్తే సున్నం వదులుతుంది. పీచుతో రుద్దితే క్వార్ట్జ్ గీతలు పడుతుంది. క్వార్ట్జ్ దీపాన్ని వట్టి వేళ్లతో పట్టుకోకూడదు, చేతి జిడ్డు మచ్చలు అందులో మాడి నిలిచిపోతాయి. రబ్బరు వాషర్లు కూడా కిరణం వల్ల, వేడి వల్ల గట్టిపడతాయి. దీపంతో పాటు వాటినీ మార్చకపోతే నీరు విద్యుత్ బిగింపుల్లోకి కారే ప్రమాదం ఉంది.

విప్పేముందు ప్లగ్గు తీసివేయాలి, స్విచ్ ఆపడం చాలదు. వెలుగుతున్న దీపాన్ని నేరుగా చూస్తే కనుగుడ్డు పైపొర కమిలిపోతుంది. నొప్పి అప్పుడే తెలియదు, కొన్ని గంటల తరువాత ఇసుక పడినట్టు మంట మొదలవుతుంది. పిల్లలు ఉన్న ఇంట్లో, మూత తీస్తే దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఉన్న పరికరానికే ప్రాధాన్యమివ్వాలి. వాడేసిన దీపంలో పాదరసం ఉంటుంది. అలాంటి దీపాలు భారతదేశపు 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాల పరిధిలోకి వస్తాయి, కాబట్టి వాటిని పగలగొట్టకుండా ఈ-వ్యర్థాలను సేకరించే కేంద్రానికి అప్పగించాలి.